గోతిలో పడ్డారనుకున్నాను

ఏమండీ,

నేనే. మీరు పోయి ఏడాది కావస్తోంది. కొట్టు మీ అన్నగారు చూసుకుంటున్నారు. పాప మూడో తరగతికి వచ్చింది. నేను బాగానే ఉన్నాను... అలా రాస్తేనే కదా మీకు నచ్చుతుంది?

మన వీడియోగేమ్ పెట్టె మళ్లీ టీవీకి తగిలించాను. కొట్లో అమ్ముడుపోక మిగిలిందని పెళ్లయిన కొత్తలో ఇంటికి తెచ్చారే, అదే. జగ్గయ్యపేటలో కొట్లు కట్టేసిన రోజున మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు వేసుకుని ఆడేవాళ్లం.

తెర పైన ఎడమ పక్క మీ గీత, కుడి పక్క నాది. బొమ్మకి దెబ్బ తగిలినప్పుడల్లా గీత కొంచెం తరుగుతుంది. దారిలో గుండె గుర్తు దొరికితే పెరుగుతుంది. గీత అయిపోతే మనిషి అయిపోయినట్టే. గుండె కనపడితే “నాకు నిండుగానే ఉంది, నువ్వు తీసుకో” అనేవారు. నేను నా గీతే చూసుకుంటుంటే కసిరేవారు. “నాది కూడా చూడవే. నాది అయిపోతే ఒక్కదానివే ఏం ఆడతావ్?”

గీత నిండుగా ఉండగానే నేను గోతిలో పడి పోయేదాన్ని. మీకు ఒకటే నవ్వు. “గోతికి గీతతో పనేముందే పిచ్చిమొహమా? పడ్డావా, పోయావంతే.”

ఆ ఉదయం కొట్టు షట్టరు ఎత్తుతూ కూలిపోయారు. ఉన్నట్టుండి పోయాడన్నారు అందరూ. నేను గొయ్యి అనుకున్నాను. నిండు గీతతో పడ్డారు, ఎవరం మాత్రం ఏం చేస్తాం అనుకున్నాను.

దెబ్బ తగిలాక బొమ్మ కాసేపు మినుకుమినుకుమంటుంది కదా... “ఇప్పుడేది తగిలినా ఏం కాదు, ఆగమాక, పో” అనేవారు. మొదటి నెలలు నేనూ అలాగే ఉన్నాను. ఎవరేమన్నా తగల్లేదు.

తర్వాత పాపకి జ్వరం తగ్గకపోతే నందిగామ ఆస్పత్రికి తీసుకెళ్లాను. పాప తండ్రి పేరు రాసుకుంటూ అక్కడి నర్సు ఆగింది. గుండెకి చూపించుకోడానికి మీ ఆయన ఇక్కడికే వచ్చేవారు, ఈమధ్య రావడం లేదు, ఎలా ఉన్నారని అడిగింది.

మీరు లేరని చెప్పాను.

సరుకు కోసమని కదా నందిగామ వెళ్లేవారు. పెరుగన్నం డబ్బా కట్టిచ్చేదాన్ని. వీపు పట్టేసిందంటే కూర్చోబెట్టి మందు రాశాను... ఆ నొప్పి వీపుదేనా అసలు?

మీ అన్నగారిని అడిగితే ఒప్పుకున్నారు. ఆయనకి తెలుసు. నేను భయపడతానని మీరే చెప్పొద్దన్నారట. ఆపరేషన్ చేయించుకోమంటే వాయిదా వేస్తూ వచ్చారట.

గొయ్యి కాదు. గీత తరుగుతూనే ఉంది. అది నాకొక్కదానికే కనపడకుండా పెట్టారు. చూడమన్నది మీరు కాదూ? తెలిస్తే ఆ షట్టరు నేనెత్తేదాన్ని.

ఇప్పుడు మీ జాయ్‌స్టిక్కు పాప పట్టుకుంటోంది. గోతులు బాగానే దాటుతుంది, మీలాగే. మొన్న ఆడుతుంటే నాకు కళ్లు తిరిగాయి. అది చూసి ఏమైందని అడిగింది. ఏం లేదని నోటిదాకా వచ్చింది... చెప్పేశాను. ఆట ఆపి, మంచినీళ్లు తెచ్చి, నేను తాగేదాకా పక్కనే నిలబడింది.

ఇక మీదట నా గీత దానికి కనపడేట్టే ఉంచుతాను. ఇది మాత్రం మీ దగ్గర నేర్చుకున్నది కాదు.

ఉంటాను,
సుశీల