ఆఖరి చుట్టు

ఉస్తాద్,

ఈ జుమ్మాకు మీరు పోయి ఏడాది. పొద్దున బోధన్ డాక్టర్ గారి పాత కారు మన షెడ్డుకు వచ్చింది. మనం బాగుచేసిన వారానికే ఎడపల్లి దగ్గర మరిగి ఆగిపోయిందే, అదే. అప్పుడే దాన్ని కొట్టంలోకి తోసి తాళం వేశారు. ఇన్నేళ్లూ ఎవరూ విప్పలేదు.

ఇవాళ ఇంజన్ హెడ్డు లేపి చూశాను. హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్ రేకు తలకిందులుగా ఉంది. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి, వాటి పక్కనే కాలి తెగింది.

దాన్ని పెట్టింది నేను. మీరు నమాజుకు పోయినప్పుడు, వచ్చేలోపు పని చేసి చూపించాలని పెట్టాను. మీరొచ్చి, ఎప్పటిలాగే నట్లకు ఆఖరి చుట్టు మీ చేత్తో బిగించారు.

డాక్టర్ గారు బజార్లో నలుగురి ముందు తిడితే, "ఆఖరి చుట్టు నేనే బిగించిన సాబ్, తప్పు నాదే" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. గ్యాస్కెట్టే నాసిరకం అనుకున్నాను. ఆ తర్వాత మన దగ్గరికి కార్లు రావడం తగ్గిపోయింది.

ఇవాళ కారు తెచ్చిన డాక్టర్ గారి డ్రైవర్ వంగి చూశాడు. "మీ ఉస్తాదే ఖరాబ్ జేసిండని మా సారు ఇంకా అంటడు."

"ఉస్తాద్ కాదు, నేను జేసిన. పోయి మీ సారుకు చెప్పు" అన్నాను.

కొత్త గ్యాస్కెట్ రెండుసార్లు చూసుకుని పెట్టాను. నట్లు బిగించాను. ఆఖరి చుట్టు మాత్రం మిగిలింది. పానా పట్టుకుని కూర్చున్నాను, ఉస్తాద్.