మక్క చేను చుట్టు తీగ

దంతాలపల్లి తండ,
ఆగస్టు 2011

ప్రేమగల గణేశన్నకు,

నీ చెల్లె సుజాత రాస్తున్నది. ఈడ అందరం పానంతోని ఉన్నం. నీ చెవులు ఎట్లున్నయి? పోయినసారి నువ్వు వచ్చినప్పుడు యాడి నీ వెనుక నిలవడి ఎన్నిసార్లు పిలిచిందో, నువ్వు మర్లి చూడలే. "బొగ్గుబాయి నా కొడుకు చెవులు తిన్నది" అని ఆ రోజంత ఏడ్చింది. అమ్మ ఏడిస్తె నేను తట్టుకోలేనని నీకెరుకే. ఫోన్ల మాట్లాడితే నీకు వినపడది గద. మనిద్దరికి ఈ పోస్టు డబ్బనే దిక్కు.

మక్క పాలు పోసుకుంటున్నది. వానలు మంచిగనే పడ్డయి. కాని అడివిపందులతోని బతుకు పరేషాన్ అయితున్నది. గుట్ట దిగి గుంపుకు గుంపు వస్తున్నయి. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. పోయినేడు సగం చేను మన్నుపాలు చేసినయి గద. మీ బావ మంచె మీద కూసొని డబ్బా కొట్టీ కొట్టీ జ్వరం తెచ్చుకున్నడు. అవతలి చేను టీక్యా మామ చుట్టు తీగ కట్టి కరెంటు పెట్టిండు. ఆయన చేన్ల ఒక్క కర్ర ఇరగలే. మీ బావ గూడ తీగ తెస్తనంటున్నడు.

యాడి ఒప్పుకుంటలేదు. మొన్న అన్నం కాడ ఇద్దరికి లడాయి అయింది.

"ఎండకాలం తెల్లారంగ ఇప్పచెట్టు కింద అవి అటుదిక్కు పువ్వు తిన్నయి, మేం ఇటుదిక్కు ఏరుకున్నం. ఒక్కనాడన్న మీదికొచ్చినయా?" అన్నది యాడి.

"అది అడివి యాడీ. ఇది నేను దున్నిన చేను" అన్నడు ఆయన.

"గుట్టను అడుగు, నువ్వు దున్నకముందు ఇది ఎవలదో."

అప్పటిసంది ఆయనతోని మాట్లాడుడు బందు వెట్టింది. నేను ఎవలి దిక్కు మాట్లాడాలె అన్నా? నువ్వే ఒక మాట రాయి.

నీ చెల్లె,
సుజాత


భూపాలపల్లి

చెల్లె సుజాతకు అన్న గణేశ్ దీవెనలు.

నీ ఉత్తరం అక్తర్ తెచ్చిచ్చిండు. మా అర్రల నాతోని ఉండే జనగామ అక్తర్, ఎరుకే గద నీకు. నా పేరు మీద ఏ కాయితం వచ్చినా ముందుగాల వానికే సంబురం.

తీగ వద్దు. చత్రు బావకు చెప్పు, నేను వద్దన్ననని చెప్పు. బాయిల కరెంటు తాకిన మనిషిని నా భుజం మీద వేసుకొని పైకి తెచ్చినోన్ని నేను. వాని చెయ్యి నా మెడ చుట్టు వేసుకున్న. ఆ చెయ్యి బరువు ఇంక నా మెడ దిగలే. కరెంటుకు పంది, మనిషి అని ఉండదు. జర సబర్ చేయుమను. దసరాకు నేనే వచ్చి మంచె మీద కూసుంట. చెవులు లేకున్నా కండ్లు మంచిగున్నయి.

బావ కోపం చేసినా మంచిదే, ఈ మాట చదివి వినిపియ్యి: గింజల కోసం సావును కట్టి పెట్టుకునేటోడు రైతు గాదు.

ఈడ అంత తెలంగాణ ముచ్చటనే. బాయిల దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు అదే మాట. సమ్మె ఖాయం అంటున్నరు. ఈసారి ఆంధ్ర, తెలంగాణ తేలేదాక తట్ట ముట్టేది లేదని మావోళ్ల పట్టు. యాడిని అడిగిన్నని చెప్పు.

మీ అన్న,
గణేశ్


దంతాలపల్లి తండ,
సెప్టెంబర్

గణేశన్నకు,

నీ ఉత్తరం వచ్చేవరకే తీగ కట్టుడయింది. మోకాలెత్తున చేను చుట్టు గుంజలు పాతి కట్టిండు. గుట్టకు ఎదురు కొసకు, బాట దిక్కున్న స్తంభం కాడ కొండి ఉంటది. మాపు ఆ కొండి లైనుకు తగిలిస్తడు, తెల్లారంగనే తీస్తడు. అది మర్వడు. నాకు రెండుసార్లు చూపిచ్చిండు.

నీ మాట చదివి వినిపిచ్చిన. మొదలు నవ్విండు. తర్వాత నా చేతులకెళ్లి ఉత్తరం తీసుకొని మడిచిండు. "మీ అన్నకు నెలకు జీతం వస్తది సుజాతా, నాకు ఈ చేనొక్కటే ఇస్తది" అన్నడు. కోపంతోని గాదన్నా, మెల్లగనే అన్నడు.

తీగకు ఒక ఆడపంది పడ్డది. తండల కూర పంచుకున్నరు. యాడి ముట్టలే, నన్ను గూడ ఆ గిన్నె కడుగనియ్యలే, బయటనే బోర్లిచ్చింది. తెల్లారి నేను చేనుకు పోతే, గుట్ట దిక్కు మూలకు దాని పిల్లలు నిలవడి ఉన్నయి. ఒంటి మీద చారలు గూడ ఇంక పోలే. తల్లి పడ్డ జాగ వాసన చూసుకుంట, నన్ను చూసి గూడ ఉరుకలే. నేనే ఇంటికి తిరిగొచ్చిన.

రేపటిసంది సమ్మె అంటున్నరు. నువ్వు ఊరేగింపులల్ల ముంగట నిలవడకు. వెనుక పోలీసోళ్లు వచ్చినా నీకు వినపడది.

సుజాత


భూపాలపల్లి,
సెప్టెంబర్ ఆఖరు

చెల్లె సుజాతకు,

బొగ్గు బందయింది! బాయిల నుంచి ఒక్క పెళ్ల పైకి రాలే. గింత పెద్ద యంత్రాలు ఊకున్నయి, చూస్తె నమ్మబుద్ధి కాదు. రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వండుకుంటున్నం, రోడ్డు మీదనే తింటున్నం. అక్తర్ పప్పుచారు పెడితే మా ఇంజనీరు సారు గూడ విస్తరి పట్టుకొని కూసున్నడు. నాకు నినాదాలు వినపడయి గాని అందరి నోళ్లు ఒక్కతీరుగ తెరుచుకుంటుంటే తెలుస్తది, నేనూ అరుస్తున్న.

బస్సులు గూడ బందయినయి. అందుకే ఈ ఉత్తరం మానుకోట పోయే ఒకాయన చేతికి ఇస్తున్న. మనం బొగ్గు తియ్యకుంటే కరెంటు కేంద్రాలు నడువయి. మీకు ఈడికంటె ముందే దీపాలు పోతయి. జర ఓర్చుకోండ్రి. మనది మనకొచ్చినంక అన్నీ సరైతయి. దసరాకు నేను రాలేనేమో. యాడికి నువ్వే సమజ్ చేసి చెప్పు.

జై తెలంగాణ.
గణేశ్


దంతాలపల్లి తండ,
అక్టోబర్

గణేశన్నకు,

నువ్వు చెప్పినట్టే అయింది. కరెంటు ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో, ఎన్ని దినాలు రాదో ఎవలకు తెల్వది. వరి మళ్లు నెర్రెలు వారుతున్నయి. మనది మక్క కాబట్టి ఓర్చుకున్నది. అందరు తిడుతున్నరు, తిట్టుకుంటనే మళ్ల రోడ్డు మీదికి పోయి జై తెలంగాణ అంటున్నరు.

ఒక్క యాడి మాత్రం సంతోషంగున్నది. "సమ్మె ఇట్లనే నడువనియ్యమని గణేశ్‌కు రాయి" అంటున్నది. తీగల పానం లేదు గద. పొద్దు వాలంగ తీగ దాటి చేన్లకు పోతది. ఆ తల్లిలేని పిల్లలు వస్తున్నయట. "పోండ్రి బిడ్డా, గుట్టకు పోండ్రి, ఇది మీది గాదు" అని మన గోర్‌మాటి భాషల చెప్పుకుంట అవుతలికి తోలుతది. అవి గూడ మేకల తీరుగ ముంగట నడుస్తయి. తండోళ్లు ముసలిదానికి మతి పోయిందంటున్నరు. పంట మాత్రం నిలవడ్డదన్నా. డబ్బా లేదు, మంచె లేదు.

మీ బావ గూడ మెత్తబడ్డడు. తీగ మీద తువ్వాల ఆరేసుకుంటున్నడు. కొండి లైనుకే ఇడిసి, తీసుడు, పెట్టుడు గూడ బందు వెట్టిండు, పనిలేని పని అని. మొన్న బాట పొంట తంగేడు పూసిందని కొమ్మ ఇరుసుకొచ్చి యాడి చేతుల పెట్టిండు. యాడి ఇన్ని దినాలకు ఆయనతోని మాట్లాడింది. "కంకి కాల్చిన, తింటవా?" అన్నది. అంతే. ఆయన ముఖం నువ్వు చూడాలె ఉండె.

బస్సులు నడిస్తె ఒక్కపూటన్న వచ్చి పో.

సుజాత


భూపాలపల్లి,
నవంబర్

చెల్లే,

నేను వచ్చి చేరిన. సమ్మె ఇడిసిపెట్టినరు, మళ్ల బాయిల దిగుతున్న.

ఆ రోజు టీక్యా మామ ఫోన్ చేస్తె అక్తర్ ఎత్తిండు. నా ముఖం చూసి వానికి ఏం చేయాల్నో తోచలే. బొగ్గుపెళ్ల తీసుకొని గోడ మీద 'మీ బావ' అని రాసిండు. నేను యాడి అనుకున్న సుజాతా. ఫోన్ వచ్చిందనంగనే యాడే అనుకున్న. బావ అని చదివి ఒక్క గడియ నా పానం నిమ్మలమైంది. ఆ నిమ్మలం ఇప్పుడు నన్ను తింటున్నది.

బండి మీద అక్తర్ వెనుక కూసొని వచ్చేవరకు నువ్వు పోలీసోళ్లకు చెప్పుడయింది: తీగ మంచిగున్నదో లేదో చూడవోయి తాకిచ్చుకున్నడని. నేను గూడ అందరి ముంగట అన్న, "చెప్తె విన్నడా" అని. పాడె మీద ఉన్న మనిషిని అన్న. నువ్వు తల ఎత్తలే.

కాని తెల్లారి నేను చేను చుట్టు తిరిగిన. కొండి స్తంభం బాట దిక్కు ఉన్నది. బావ పడ్డ జాగ గుట్ట దిక్కు మూలకు ఉన్నది. తీగ చూసెటోడు కొండి తియ్యక గటు ఎందుకు పోయిండు? మన్నుల కాళ్ల గుర్తులు చూసిన, ఉరికిన అడుగులవి. ఎవలన్న తరిమిండ్రా? నువ్వు నాతోని ఏం దాస్తున్నవు?

బాయిల మోటరు మొదలైతే నాకు వినపడది గాని కాళ్ల కింద భూమికి తెలుస్తది. ఇప్పుడు అది కదలంగనే చేతులను ఏ ఇనుముకూ తాకనిస్తలేను. తోటోళ్లు చూడకుంట జేబుల పెట్టుకుంటున్న. మేం ఆపిన కరెంటే గద అది. ఆపకపోతే బావ రోజు కొండి తీసెటోడు. ఈ మాట నువ్వు అనకముందే నేనే అంటున్న.

నిజం రాయి.

గణేశ్


దంతాలపల్లి తండ

అన్నా,

రాస్తున్న. ఇది చదివినంక ఎవలకు చెప్పకు.

ఆ మాపు ఇంక పొద్దు గుంకలే. యాడి చేన్ల ఉన్నది, పందిపిల్లలను తోలుకుంట. ఆయన, నేను బాట మీద గడ్డి మోపు కడుతున్నం. కరెంటు లేక ఎన్నో దినాలాయె. ఒక్కసారిగ చుట్టు ఉన్న బావుల కాడ మోటర్లన్నీ మొదలైనయి. స్టార్టర్లు అన్నీ ఆటోల పెట్టి ఉన్నయి గద, కరెంటు రాంగనే వాటంతటవే తిరుగుతయి. పైపులల్ల నీళ్లు దుంకినయి. తండల పిల్లలు "కరెంటొచ్చింది, కరెంటొచ్చింది" అని ఎగురుతున్నరు. టీక్యా మామ నవ్వుకుంట మడి దిక్కు ఉరికిండు. నేనూ నవ్విన అన్నా. నేనూ నవ్విన.

ఆయన మోపు ఇడిసిపెట్టిండు. "యాడి" అన్నడు, అంతే. స్తంభం దిక్కు రెండడుగులు వేసిండు. గప్పుడే గుట్ట మూలకు కర్రలు కదులుతున్నయి, యాడి తీగ దాటి బయటికి రాబోతున్నది. కొండి తీసేవరకు ఆమె దాటుతది. ఆయన మర్లి ఆ మూలకు ఉరికిండు. "ఆగు యాడీ, ఆగు!" అని అరిచిండు. పందులను అదిలిస్తున్నడనుకున్నదేమో, ఆమె ఆగలే. కాలు లేపింది. ఆయన తీగ మీదుగ చెయ్యి చాపి ఆమెను లోపలికి నూకిండు. యాడి ఎల్లెలకల పడ్డది. మన్ను పచ్చిగుండె. ఆయన కాలు జారింది.

నేను చూసిన. టీక్యా మామ వచ్చి కొండి గుంజేవరకు అంత అయిపోయింది.

యాడి లేచి కూసొని ఆయనను చూసింది. ఆయన ఎందుకు నూకిండో ఆమెకు సమజ్ గాలేదనుకున్న. పోలీసోళ్లు వచ్చినంక నేను తీగ చూడవోయి పడ్డడని చెప్పిన. నిజం చెప్తె తండంత ఏమంటది? ముసలిదాని పందుల పిచ్చికి అల్లుడు పోయిండని అనదా? యాడి ఆ మాట మోసుకొని ఎన్ని దినాలు బతుకుతది? అందుకే మంచోన్ని మొండోన్ని చేసిన. నువ్వు పాడె కాడ ఆ మాట అన్నప్పుడు నేను తల ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు సమజైందా?

నీ మీద నాకు కోపం లేదు. మీ సమ్మె మీద లేదు. కోపమంత యాడి మీదనే వచ్చింది. ఆయన పోయినంక గూడ ప్రతిరోజు పొద్దు వాలంగ చేనుకు పోవుడు మానలే. పందులు రావుడు ఎప్పుడో బందయింది. ఆ మూలకు ఒక్క గిట్ట గుర్తు లేదు. అయినా పోతున్నది. లోపల ఏందో మాట్లాడుతున్నది. నాకు బాట మీదికి ఆ గొంతు వినపడుతుంటే ఒళ్లంత మండేది. నా మొగణ్ని మింగినా ఇంక పందులను పిలుస్తున్నవా అని.

నిన్న ఓర్వలేక పోయిన. రెక్క వట్టి గుంజుకొద్దామనే పోయిన. కర్రల నడుమ నిలవడి విన్న. యాడి ఆయన పడ్డ కాడ కూసున్నది. మన్ను మీద చెయ్యి పెట్టి మెల్లగ అంటున్నది: "చత్రూ, కరెంటు పోయింది బిడ్డా. మోటర్లు బందయినయి. ఇగ భయం లేదు, లే. ఇంటికి పోదాం రా."

చాపిన చెయ్యి వెనుకకు తీసుకున్న.

"యాడీ" అని పిలిచిన.

మర్లి చూసింది. ఏడుస్తలేదు. జాకెటు మీద, రొమ్ము నడుమ అరచెయ్యి పెట్టుకున్నది. "ఈడ నూకిండు. చెయ్యి ఇంక ఈడనే ఉన్నది. తీస్తలేడు" అన్నది.

ఆమెకు మొదటిసంది తెలుసు అన్నా. నేను దాసిన మాట ఆమె గూడ నా కోసం దాసింది. నేను తెల్వనట్టున్న గద, ఆమె గూడ తెల్వనట్టున్నది. ఒక్క ఇంట్ల, ఒక్క పొయ్యి కాడ, ఇన్ని దినాలు.

పోయి పక్కన కూసున్న. చేను ఎండి కర్రలు గలగల అంటున్నయి. లోపల ఏదో నడుస్తున్నట్టే అనిపిస్తది, చూస్తె ఏముండది. "వినపడుతున్నదా?" అన్నది యాడి. "గాలి" అన్న. "గాలి గాదు" అన్నది.

గంతల కరెంటొచ్చింది. బావుల కాడ మోటర్లు ఒక్కటొక్కటే అందుకున్నయి. తీగ లేదు అన్నా, టీక్యా మామది, మనది రెండూ పీకి పారేసినరు. అయినా యాడి నా మణికట్టు గట్టిగ పట్టుకున్నది. "కదలకు" అన్నది.

మోటర్లు బందయ్యేదాక ఇద్దరం కదలలే.

నీ చెల్లె,
సుజాత