చెంచాలో మంట

జూలై 18, శుక్రవారం
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాస్. ప్రస్తుత హోదా: మందమర్రి పెయింట్ షాపులో థిన్నర్ అమ్ముట.

ఈరోజు మిథనాల్ మహాశయుడి ప్రశంస. రంగు లేదు. నీళ్లలో ఇట్టే కలుస్తాడు. వార్నిష్‌ను కరిగిస్తాడు. పట్టపగలు మండితే మంట కూడా సరిగ్గా కనిపించదు. అరవై అయిదు డిగ్రీలకే మరుగుతాడు. మా మేనత్త కనకవ్వ అంతకన్నా ముందే మరుగుతుంది.

జూలై 19, సాయంత్రం
రేపు పోచమ్మ బోనాలు. అమ్మవారి ముందు ధారగా సాక పోయడానికి ఫర్నిచర్ పాలిష్ సాంబయ్య క్యాన్‌తో మందు తెచ్చాడు. ఫ్యాక్టరీ స్పిరిట్, నీళ్లు కలుపుకుంటే సాలు అన్నాడు. వాసన చూశాను. మామా, ఇది మా షాపు సరుకు, కండ్లు పోతయి అని మామ భూమన్నకు చెప్పాను. మామ పగలబడి నవ్వాడు. పోయినసారి కూల్‌డ్రింక్ తాగితే మీసాలు ఊడుతయన్నవ్ గదరా అల్లుడా అన్నాడు.

తర్వాత పరీక్ష పెట్టాడు. గుడుంబా రోజుల నాటి పరీక్ష: చెంచాలో పోసి అగ్గిపుల్ల గీయాలి, నీలంగా మండితే అసలు సరుకు. లైటార్పి గీశాడు. నీలంగానే మండింది. ఎందుకు మండదు! మంచిదీ మండుతుంది, విషమూ మండుతుంది. నా ఎమ్మెస్సీ చెంచా చేతిలో ఓడిపోయింది.

క్యాన్ ఎత్తుకుపోబోతే అత్త లాక్కుంది. అమ్మవారి సొమ్ము ముట్టకు, ఎప్పుడు సూడు నీ పరాష్కాలు, నవ్వులాటలేనా అని తిట్టింది.

జూలై 20
పోచమ్మకు సాక పోశారు. ఆమెకేమీ కాలేదు. మిగిలింది మామ, సాంబయ్య తాగారు.

జూలై 21, పొద్దున
కరెంటు పోయిందారా అని మామ అడిగాడు. కిటికీలోంచి ఎండ ఆయన మొహం మీదే పడుతోంది.

సాంబయ్య లేవనేలేదు.

జూలై 21, హాస్పిటల్
మిథనాల్‌కు విరుగుడు ఇథనాల్. అంటే మందుకు మందే మందు. అసలు ఇంజెక్షన్ ఇక్కడ దొరకలేదు. డాక్టర్ మోతాదు లెక్కగట్టి, మంచి బ్రాందీ తెమ్మన్నాడు. నేను కదిలేలోపే అత్త వైన్స్ ముందు లైన్‌లో నిలబడింది. ముప్పై ఏళ్లుగా మామ సీసాలు పగలగొట్టిన చేయి అది. ఇప్పుడు ఆ చేత్తోనే పట్టిస్తోంది. తాగు, తాగు, వద్దంటే ఇన్నవా ఎన్నడన్న, ఇప్పుడు తాగకుంటే సంపుత అంటోంది.

వద్దే, చేదుగున్నది అన్నాడు మామ. జీవితంలో మొదటిసారి.

జూలై 30
మామ బతికాడు. కళ్లు రాలేదు. రావట.

ఆగస్టు 3
మిగిలిన బ్రాందీ చెంచాలో పోయమన్నాడు మామ. గీయి అన్నాడు. నీలంగ మండుతుందారా అల్లుడా అని అడిగాడు.

మండుతోంది మామా అన్నాను.

ఈసారి నమ్మాడు. అగ్గిపుల్ల ఇంకా గీయనేలేదు.