ఎడమ కనుబొమ్మ మీది కుట్టు

శుక్రవారం రాత్రి

బొమ్మకు ముఖం నేను చేస్తున్నానా, అదే నా చేతుల్లోకి వస్తోందా? ఏళ్లుగా ఇదే ప్రశ్న.

పైగదిలో కొత్తగా కిరాయికి దిగిన కవిత, తను రాకముందే నేను చేసిన, ఇంకా కళ్లు గీయని గుడ్డబొమ్మను మొన్న చూసి నవ్వింది.

"అక్కా, అచ్చం నా మొఖమే! గీ కనుబొమ్మ మీద కుట్టేంది? నాకు లేదు గదా."

గుడ్డ చిరిగితే కుట్టానన్నాను.

ఈ సాయంత్రం పటాన్‌చెరు ఫ్యాక్టరీ నుంచి తలకు కట్టుతో వచ్చింది. రేకు తగిలి అదే కనుబొమ్మ చీరుకుపోయి కుట్లు పడ్డాయట.

"ఇగ మొత్తం కలిసింది. కండ్లెప్పుడు పెడ్తవక్కా?"

కళ్లు ఎప్పుడూ చివరనే గీస్తాను. ఇప్పుడు కుంచె పట్టుకుంటే మూసిన రెప్పలు గీయడానికే చేయి పోతోంది. అవి మాత్రం గీయను. బలవంతంగా తెరిచిన కళ్లు గీస్తే ఆమెను కాపాడినట్టా? కళ్లు లేకుండానే వదిలేయడం మేలా? నిజంగా తేల్చుకోలేకపోతున్నాను.