ఈ సీజన్‌కు ఒక్కటే బ్యాన్

జూన్ 1, ఆదివారం. సాయంత్రం 6.10

ఈ రోజు నుంచి నేను బోధన్ క్యారమ్ లీగ్ కార్యదర్శిని! ఏకగ్రీవం. (ఇంకెవరూ చెయ్యి ఎత్తలేదు. అయినా ఏకగ్రీవం ఏకగ్రీవమే.)

పాత కార్యదర్శి ఆత్మారాం గారు పోయిన సీజన్‌లో పద్నాలుగు బ్యాన్‌లు పెట్టారు. చివరిది, ఎదుటివాడి కాయిన్ తప్పితే నవ్వకూడదని. నవ్వనివ్వకపోతే క్యారమ్ ఎందుకు ఆడాలి? ఇరవై రెండు మందిలో పదకొండు మంది మానేశారు. ఆ తప్పు నేను చెయ్యను. నా తీర్మానం:

1. సీజన్ మొత్తానికి ఒక్కటే బ్యాన్.
2. అది కూడా ఆటలో బ్యాలెన్స్ కోసమే.
3. నన్ను ఓడించిన దాన్ని బ్యాన్ చెయ్యను.

రాసి ఎస్తర్‌కు చూపించాను. నా భార్య టీచర్. చూపించకపోయినా ఈ డైరీ చదువుతుంది, ఆ సంగతి దాచదు కూడా. కింద ఎర్ర పెన్నుతో "చూద్దాం" అని రాసి సంతకం పెట్టింది.

టీవీ పక్కన లీగ్ విజేతకిచ్చే షీల్డ్ కోసం చోటు ఖాళీ చేశాను. అక్కడున్న ప్లాస్టిక్ పూలు బాత్‌రూమ్ కిటికీలోకి వెళ్లాయి.

జూన్ 4, బుధవారం

లీగ్ నడిచేది మా జిరాక్స్ షాపు పైగదిలోనే. నోటీసు బోర్డు తుడిచాను. ఒక్క కాగితం లేదు. ఎంత బాగుందో!

షాపుకు కొత్త లామినేషన్ మిషన్ వచ్చింది. పాత క్యాలెండర్, ఎస్తర్ రాసుకున్న కిరాణా చీటీ లామినేట్ చేసి చూశాను. చీటీలో ఇంకా చింతపండు చేర్చాల్సి ఉందట. ఇప్పుడు చేర్చలేం.

జూన్ 7, శనివారం. రాత్రి 8.00

మొదటి రోజు. నాలుగు బోర్డులూ నిండిపోయాయి!

రాజేశ్వర్ వర్ని దగ్గర వరి, పసుపు పండిస్తాడు. నారుమడి పని ముగించుకుని సొంత పౌడర్ డబ్బాతో వచ్చాడు. మల్లెపూల వాసన ముఖం పౌడర్. బోర్డు మీద గుప్పిస్తే కాయిన్లు ఆగనంటాయి. గది మొత్తం పెళ్లిల్లు. నాకు తొమ్మిది తుమ్ములు. 25-6తో ఓడాను.

నోటీసు పెట్టాను: "వాసన పౌడర్లు వాడవద్దని విజ్ఞప్తి." ఇది విజ్ఞప్తి. బ్యాన్ కాదు. ఆరోగ్య విషయం.

బ్యాన్‌లు: 0.

జూన్ 10, మంగళవారం

మెడికల్ షాపు విష్ణు, ఎదుటివాడు గురి చూసే సమయానికి సరిగ్గా గొంతు సవరిస్తాడు. మందుల షాపు పెట్టుకుని గొంతుకు మందు వేసుకోడు. నోటీసు: "గొంతు ముందే సవరించుకుని రావాలని సూచన." సూచన!

జూన్ 12, గురువారం

శివకుమార్ స్ట్రైకర్ మరీ బరువు. హైదరాబాద్ నుంచి తెప్పించాడట. దానికి తాత్కాలిక నిలుపుదల. పరిశీలన తర్వాత మళ్లీ అనుమతించవచ్చు. నిలుపుదల వేరు, బ్యాన్ వేరు, చదువుకున్నవాళ్లకు తెలుస్తుంది.

బ్యాన్‌లు: 0. బోర్డు మీద కాగితాలు: 3. అన్నీ లామినేటెడ్.

జూన్ 14, శనివారం

దీక్షిత లీగ్‌లో అందరికంటే చిన్నది. డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతుంది, ఫోన్‌లో తుపాకుల ఆటలు ఆడుతుంది. ఆ ఆటల్లో ఏదైనా ఒక తుపాకీ పట్టుకున్నవాళ్లే అస్తమానం గెలుస్తుంటే దాన్ని బ్యాన్ చేస్తారట. అప్పుడు మిగతావాటికీ వంతు వస్తుందట. నా మూడు కాగితాలు చూసి పెదవి విరిచింది.

"కోపమొచ్చి చేసేది బ్యాన్ కాదన్నా. లెక్క జూసి చెయ్యాలె."

ఎంత మంచి మాట! పాతవీ కొత్తవీ కలిపి అరవై ఆటల లెక్క రాసి పెడతానంది. రెండో తీర్మానానికి ఇక ఢోకా లేదు.

జూన్ 17, మంగళవారం. మధ్యాహ్నం 1.30

డ్రా తీశాం. జూన్ 28న సెమీఫైనల్‌లో నాకు సీమోను మామ పడ్డాడు.

మళ్లీ.

సీమోను మామకు బస్టాండు ముందు చెరుకు రసం బండి ఉంది. ముప్పై ఐదేళ్ల కిందట కుడిచెయ్యి ఆ బండి రోలర్లలో పడింది. చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. అప్పటినుంచి స్ట్రైకర్‌ను బొటనవేలితో కొడతాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బండి పక్కన డబ్బా బోర్లించి, దాని మీద బోర్డు పెట్టి నాకు ఆట నేర్పింది ఆయనే.

నాలుగేళ్లుగా సెమీఫైనల్‌లో నన్ను ఓడిస్తున్నది కూడా ఆయనే. ఓడించిన ప్రతిసారీ నిమ్మకాయ, అల్లం వేసి ఒక గ్లాసు రసం ఇస్తాడు. అంత తియ్యటిది అంత కష్టంగా నేనెప్పుడూ మింగలేదు.

జూన్ 21, శనివారం. రాత్రి 7.00

కమిటీ సమావేశం. ఐదుగురం. దీక్షిత ల్యాప్‌టాప్ తెరిచింది.

వాసన పౌడర్: గెలుపులో తేడా లేదు.
గొంతు సవరింపు: తేడా లేదు. (విష్ణు సవరించినప్పుడే ఎక్కువ ఓడాడు.)
బరువు స్ట్రైకర్: తేడా లేదు.
బొటనవేలు షాట్: 21 ఆటల్లో 19 గెలుపులు.

చివరి దాని నీలం గీత తెర అంచు దాకా పోయింది. అందరం ఆ గీతనే చూశాం. లీగ్‌లో బొటనవేలితో కొట్టేది ఒక్కరే. అది ఐదుగురికీ తెలుసు, ఒక్కరూ పేరు ఎత్తలేదు. మనిషిని కాదు, పద్ధతిని బ్యాన్ చేద్దామని శివకుమార్ అన్నాడు. అందరికీ ప్రాణం తేలికైంది. దీక్షిత మాత్రం ల్యాప్‌టాప్ మూస్తూ, లెక్క చెప్పడం వరకే తన పని అంది. నాలుగు చేతులు లేచాయి.

మొదట లేచింది నాది.

ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇది మొదటి తీర్మానానికి విరుద్ధం కాదు, ఇదే ఆ ఒక్క బ్యాన్. మూడోదానికీ విరుద్ధం కాదు. ఆ షాట్ ఓడించింది నన్నొక్కడినే కాదు, అందరినీ. ఆ అందరిలో నేనూ ఉంటే నేనేం చెయ్యను?

4.40కి ప్రింటు. 4.45కి లామినేషన్.

ఆయనకు చెప్పారా అని ఎస్తర్ అడిగింది. నోటీసు పెట్టాం కదా అన్నాను. ఆమె మళ్లీ బట్టలు మడతపెట్టడంలో పడింది. ఈ రోజు ఎర్ర పెన్ను తియ్యలేదు. తీసినా బాగుండేది.

జూన్ 24, మంగళవారం

బస్టాండు వైపు వెళ్లాల్సిన పని పడింది. గంజ్ మార్కెట్ వైపు నుంచి తిరిగి వెళ్లాను. అటు గాలి బాగుంటుంది.

జూన్ 28, శనివారం. సాయంత్రం 4.00

సీమోను మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బోర్డు ముందు ఆగాడు. కళ్లజోడు మరిచిపోయి వచ్చానని, ఏం రాసి ఉందో చదవమని నన్నే అడిగాడు.

చదివాను. "ఆటలో బ్యాలెన్స్ కోసం, బొటనవేలితో స్ట్రైకర్ కొట్టడం నిషేధించడమైనది."

మామ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. "ఊఁ" అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను ఫైనల్‌కు వచ్చాను! ఆడకుండానే.

ఎవరూ చెయ్యి కలపలేదు. విష్ణు గొంతు సవరించుకున్నాడు. ఈసారి సవరించాల్సిందే.

రాత్రి 7.30. షీల్డ్ వస్తే టీవీకి ఎడమవైపు పెడదామా, కుడివైపు పెడదామా అని ఎస్తర్ చాలా మర్యాదగా అడిగింది. అన్నం సగంలో లేచాను. సిగ్గుగా ఉంది. నాకు గురి నేర్పిన చెయ్యి అది.

జూన్ 29, ఆదివారం. మధ్యాహ్నం 2.15

మామ ఈ రోజు చర్చికి రాలేదు. ఆరాధన అయిపోగానే నోటీసు పీకి సంచిలో వేసుకుని, ఎడపల్లిలో ఆయన ఇంటికి వెళ్లాను. దారంతా క్షమాపణ మాటలు కూర్చుకున్నాను.

వాకిట్లో పాత బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. చిటికెన వేలితో స్ట్రైకర్ కొడుతున్నాడు. పొద్దుటి నుంచి ఇదే పని, అన్నానికి కూడా లేవలేదని శారమ్మ అత్త లోపలి నుంచి విసుక్కుంది.

తప్పు చేశాం మామా, బ్యాన్ తీసేస్తున్నాం అన్నాను. ఆయన స్ట్రైకర్ కింద పెట్టాడు.

"తీసేస్తవా? ఎవల్ని అడిగి తీసేస్తవ్?"

కారణం ఆయనే చెప్పాడు.

"నా చెయ్యి సూసి అందరు జాలి పడ్డరు కుమారూ. ఎదురుంగ కూసున్నోడు ఒక కాయిన్ ఇడిసిపెడ్తుండె. నాకు ఎరుక లేదనుకుంటున్నరు. గెలిసినా గెలిసినట్టు లేకుండె. ఇప్పుడు మీరంత కూసొని, లెక్కలు జూసి, నన్ను ఆపనీకి కాయితం రాసిన్రు. గిసొంటి మర్యాద నాకు ఎన్నడు దొరకలే."

"మరి నిన్న ఎందుకు వెళ్లిపోయావు మామా?"

"కోపమొచ్చింది. అండ్ల నా పేరేది?"

పేరు రాస్తే బాధపడతావని రాయలేదన్నాను. పేరు రాయకపోవడమే జాలి అన్నాడు. పోయినేడు సెమీఫైనల్‌లో నువ్వు కూడా రెడ్ వదిలేశావు కదా అని కూడా అడిగాడు.

ఇక్కడ అబద్ధం చెప్పడం కుదర్లేదు. "వదల్లేదు మామా. నిజంగానే తప్పిపోయింది."

ఒకసారి నా ముఖం చూశాడు. తర్వాత కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. శారమ్మ అత్త ఏమైందోనని బయటికి వచ్చింది.

సాయంత్రం 6.00. షాపు తెరిచి కొత్త కాగితం ప్రింటు చేశాను. ఒక్కొక్క అక్షరం ఆయన ఫోన్‌లో చెప్పిందే:

"సీమోను బొటనవేలు షాట్ నిషేధించడమైనది. కారణం: ఎవరూ గెలవలేకపోతున్నారు."

జూలై 5, శనివారం. సాయంత్రం 6.20

సెమీఫైనల్ మళ్లీ పెట్టాం. ఆడకుండా గెలిచినవాడిని నేనే కాబట్టి, అభ్యంతరం చెప్పాల్సినవాడినీ నేనే. చెప్పలేదు.

మొదటి గేమ్ నాది, 25-11! షీల్డ్ ఎడమవైపే పెడదామని మనసులో అనుకున్నాను కూడా. రెండో గేమ్‌లో ఆ చిటికెన వేలు వేడెక్కింది. స్ట్రైకర్ మెల్లగా వెళ్తుంది, అసలు చేరుతుందా అని అనుమానం వస్తుంది, చేరి కాయిన్‌ను పాకెట్‌లోకి ఒక నెట్టు నెడుతుంది. 9-25. మూడోది 20-25. ఓడాను. ఐదో ఏడు.

గది గదంతా అరిచింది. రాజేశ్వర్ ఆయనను ఎత్తుకోబోయి నడుము పట్టేసి కూర్చున్నాడు.

తర్వాత బండి దగ్గర నాకు గ్లాసు వచ్చింది. నిమ్మకాయ, అల్లం. నా కొత్త నోటీసు బండి ముందు వైరుతో కట్టి ఉంది. నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు చదివి, సీమోను ఎవరని అడుగుతున్నారు. ఆయన జవాబు చెప్పడు. ఆ చెయ్యితోనే గ్లాసు అందిస్తాడు.

లీగ్ బోర్డుకు ఆ కాగితం కావాలి మామా, ఇంకొకటి ఇస్తానన్నాను. ఇవ్వనన్నాడు. అసలుది అసలుదేనట.

జూలై 6, ఆదివారం. సాయంత్రం 5.30

పైగదికి వెళ్లి విజ్ఞప్తి, సూచన, నిలుపుదల మూడూ పీకేశాను. నిజం చెప్పాలంటే మూడూ బ్యాన్‌లే. రాజేశ్వర్ మల్లెపూల డబ్బా తెచ్చుకోవచ్చు. నేను తుమ్ముకుంటాను.

నోటీసు బోర్డు మళ్లీ ఖాళీ. ప్లాస్టిక్ పూలు మళ్లీ టీవీ పక్కకు వచ్చాయి.

కొత్త తీర్మానం. ఈ రోజు నుంచే. ఈ సీజన్‌కు ఒక్కటే బ్యాన్. అది సీమోను మామ బండికి కట్టి ఉంది, ఆయన తిరిగి ఇవ్వడు. కాబట్టి నా దగ్గర ఇంకొకటి లేదు.

5.50. చిటికెన వేలి గురించి ఒక చిన్న సూచన లాంటిది...

5.52. కొట్టేశాను. లామినేషన్ మిషన్ స్విచ్ కూడా తీసేశాను.

6.05. కింద ఎర్ర పెన్ను: "చూద్దాం."