గాజుమూత కింద పెద్దమ్మ

టెక్కలి

పెద్దమ్మకు ప్రమోదిని నమస్కారాలు.

నేను, మీ అల్లుడు యుగంధర్, మా అత్తగారు రమాదేవిగారు బాగున్నాం. ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెట్టి వీధికంతా వినిపిస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

హాల్లోకి గాజుమూతలు కొన్నాను. గంట ఆకారంలో ఉంటాయి. పైన పట్టుకోవడానికి బుడిపె, కింద చెక్కపీట. లోపల ఏది పెట్టినా ముచ్చటగా కనిపిస్తుంది, దుమ్ము పడదు. మీ అక్కుపల్లి తీరంలో గవ్వలు, తోటలో రాలిన గిజిగాడి గూడు, అటక మీది పాత అడకత్తెర పంపించవూ?

నీ ప్రమోదిని

తా.క. పోయిన పెద్దనాన్న పొడుం డబ్బా ఖాళీగానే ఉంటుంది కదా, అది కూడా.

~

అక్కుపల్లి

చిరంజీవి ప్రమోదినిని పెద్దమ్మ రత్నాలమ్మ దీవించి అడుగుతున్నది.

ఏమిటి సంగతి? జీడిపప్పు పంపుతానంటే వద్దనేదానివి, ఇప్పుడు పిట్ట వదిలేసిన గూడు కావాలా? కాలేజీల్లో గాజు కింద పాముల్ని పెడతారని పక్కింటి భవాని చెప్పింది. "ఆళ్లింట్లో ఏటి పెంచుతన్నారో కనుక్కో అత్తా" అంది. అడిగినవి పార్శిల్ చేశాను. గవ్వలు లెక్కపెట్టే పంపాను, గుర్తుంచుకో.

ఆశీస్సులతో, పెద్దమ్మ

తా.క. పొడుం డబ్బా ఖాళీగా లేదు. ఆయన పోయాక ఎలా నిండుతోందని మాత్రం అడగకు.

~

టెక్కలి

పెద్దమ్మకు నమస్కారం, ఒక ముద్దు కూడా.

గూడు ఒక మూత కింద, గవ్వలు ఇంకో మూత కింద పెట్టాను. వచ్చినవాళ్లు వంగి వంగి చూస్తున్నారు. ఇక రెండు పెద్ద మూతలు మిగిలాయి. వాటిలో ఒకదానికి నీ ఫొటో, నీ నీలం నేతచీర అంచు ముక్క, తెల్లకాగితం మీద నా పేరు రాసి కింద నీ సంతకం కావాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ ప్రమోదిని

తా.క. నవ్వుతున్న ఫొటో వద్దు. నువ్వు నవ్వితే ఎవరూ గుర్తుపట్టరు.

~

అక్కుపల్లి

ప్రమోదినికి,

దీవెనలు తర్వాత. ముందు జవాబు చెప్పు.

తెల్లకాగితం మీద సంతకమా? జీడితోట నా పేరున ఉంది. మీ ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. నాకు ఆ మాత్రం తెలియదనుకున్నావా? పైగా ఫొటో, కట్టిన చీర ముక్క! ఇలాంటివి ఎవరు అడుగుతారో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఏం చేస్తావో చూద్దామని ఫొటో ఒక్కటే పంపి, తర్వాత భవానిని మీ ఇంటికి పంపాను. అది తిరిగొచ్చి "అత్తా, నీ ఫొటో గాజుమూతలో ఎట్టీసినారు. పక్కన పూలు కూడా. సూత్తే నాకు ఏడుపొచ్చీసింది" అంది. ఇంట్లోకి రాకుండా నా గుమ్మం ముందే కాళ్లు కడుక్కుంది!

నేను బతికే ఉన్నాను. పొద్దున్న చద్దన్నం తిన్నాను.

ఇంకా ఉన్న నీ పెద్దమ్మ

తా.క. నా దినానికి ఏం వండుతున్నారో రాయి. పనసకాయ కూరైతే నేనూ వస్తాను.

~

టెక్కలి

పెద్దమ్మా,

నీ తోట నాకు వద్దు. మా హాలు గోడలనిండా వీళ్ల తాతలు, వీళ్లు గెలిచిన కప్పులు, వీళ్ల శాలువాలు. "నీవైపు వాళ్లెవరమ్మా?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి నాకు ఒక్క వస్తువు లేదు.

అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. నీ నీలంచీర కొంగు పట్టుకునే నిద్రపోయేదాన్ని. నా పేరు మొదటిసారి ఇసుకలో రాయించింది నువ్వే. అందుకే ఆ మూడూ అడిగాను. ముందే చెబితే "నాకెందుకే ఈ సంబరం" అని పంపవు. అంత అనుమానమైతే ఫొటో తిరిగి పంపేస్తాను.

ప్రమోదిని

తా.క. ఆ పూలు ప్లాస్టిక్‌వి. మీ అల్లుడు తెచ్చాడు. నాకూ నచ్చలేదు.

~

అక్కుపల్లి

నా తల్లి ప్రమోదినికి పెద్దమ్మ వెయ్యి దీవెనలు.

ఫొటో తిరిగి పంపావో, ఊరుకోను. చీర మొత్తం పంపుతున్నాను, కత్తిరించడానికి చెయ్యి రాలేదు. నీ పేరు రాశాను, సంతకం పెట్టాను. తోట కూడా రాయించుకో, ఎవరికి కావాలి!

నీ ఉత్తరం వచ్చినప్పుడు కళ్లజోడు కనిపించలేదు. ఎవరు చదివి వినిపించారో తెలుసా? మీ అత్తగారు. పలాసలో చెల్లెలింటికని నీకు చెప్పి బయల్దేరిందట, సరాసరి నా దగ్గరికి వచ్చింది. సంచి దించకుండానే "రెండో పెద్ద మూత నాకేనట వదినా! నన్నూ అందులో ఎట్టేత్తాదట. ఈ పిల్ల మీకాడ పెరిగినప్పుడూ ఇలాగే సేసీదా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని నీ మీద చాలాసేపు అనుమానపడ్డాం. అంతలో నీ ఉత్తరం వచ్చింది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయింది. కళ్లలో ఇసుక పడిందంది. గాలి లేదు.

మా ఇద్దరినీ కలిపి తీసిన ఫొటో పంపుతున్నాను. ఒకే మూత కింద పెట్టు. ఒక్కరమే ఉంటే పోయినవాళ్లలా కనిపిస్తాం, ఇద్దరం ఉంటే కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది.

నీ పెద్దమ్మ

తా.క. కోడలు తనకోసం వెతుకుతుందో లేదో చూడాలని మీ అత్తగారు రోజంతా ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటోంది. నేను చెప్పానని తెలియనివ్వకు. వెంటనే ఫోన్ చేసి, బాగా కంగారుపడు.