ఎన్నాళ్ళుగా విడిగా ఉంటున్నారు?

మా ఇంటావిడకి,

అలా పిలవడానికి ఇంకా ఆరు నెలలు గడువుందని లాయరమ్మ చెప్పింది కాబట్టి అలాగే పిలుస్తున్నాను. కోపమొస్తే కాగితం చింపుకో, పిలుపు మాత్రం మార్చను. ఫోన్ చేస్తే అరుస్తానని పెట్టేస్తున్నావు. ఉత్తరం అరవదు కదా. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని నీకు తెలియంది కాదు. మిలటరీవాళ్ళు రాత్రి బడి పెట్టి నేర్పిన అక్షరాలు ఇవి. లారీ స్టీరింగు పట్టిన చేతికి పెన్ను చీపురుపుల్లలా తగులుతుంది. తప్పులుంటే సర్దుకుని చదువు.

నిన్న కోర్టులో నువ్వన్న మాట గురించే ఈ ఉత్తరం. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా కనీసం ఏడాది విడిగా ఉండి తీరాలట. లాయరమ్మ వరండాలోనే నాకు నూరిపోసింది. "తాతగారూ, జడ్జిగారు అడిగితే లారీ షెడ్డు గదికి మారి ఏడాదిన్నర అయిందని చెప్పండి. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడొద్దు" అంది. మాట్లాడకుండా ఊరుకునే రకమా నేను? జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకుని "ఎన్నాళ్ళుగా విడిగా ఉంటున్నారు?" అనేసరికి, అంతమందిలో పెళ్ళాం పొమ్మన్న ముసలాడిలా నిలబడటం నా వల్ల కాలేదు. మడమలు దగ్గరికి చేర్చి, ఛాతీ పొంగించి, "ఇరవై రెండేళ్ళు సార్! దేశం కోసం!" అన్నాను. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. లాయరమ్మ నెత్తి పట్టుకుంది. నేను ఉద్యోగం చేసిన ఏళ్ళవి, అబద్ధం కాదు. కొండల మీదికి సామాను లారీలు నడిపాను, నువ్వు ఊళ్ళో పిల్లను పెంచావు. ఏడాదికి ఒకసారి సెలవు. దాన్ని విడిగా ఉండటం అనక ఏమంటారు?

అప్పుడు నువ్వు నోరు విప్పావు. ఏడాదిన్నర తర్వాత నీ గొంతు విన్నాను. "కాదండీ. ఆ ఇరవై రెండేళ్ళూ మేం కలిసే ఉన్నాం. ఈయన ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చిన దగ్గర్నుంచే విడిగా ఉంటున్నాం" అన్నావు. జడ్జిగారి పెన్ను ఆగిపోయింది. "మళ్ళీ చెప్పండమ్మా" అన్నారు. నువ్వు నా వైపు కూడా చూడకుండా, "అప్పుడు ఉత్తరంలోనైనా, నువ్వెలా ఉన్నావని అడిగేవారండీ" అని కూర్చున్నావు.

రాత్రంతా కోపంతో పళ్ళు నూరుకున్నాను. ఇంటికొచ్చి నేనేం తక్కువ చేశాను? గోడలకు సున్నం వేశాను. కారే కుళాయిలన్నీ బాగుచేశాను. గిన్నెలు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చాను. నువ్వు రోజూ ఆ వరస చెడగొడితే నేను రోజూ సరిచేశాను, విసుక్కున్నానా? సరే, విసుక్కున్నాను. నీ కుట్టుమిషను వీధి కిటికీ దగ్గర దారికి అడ్డంగా ఉంటే వెనక గదిలోకి జరిపాను. సొంత ఇంట్లో మిషను జరపడానికి పర్మిషను కావాలా? నువ్వు ఒక్క మాట అనలేదు. అనుంటే మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి. వారం తిరక్కుండా నా పెట్టె సర్ది గుమ్మం బయట పెట్టావు.

లాయరమ్మను అడిగాను, చట్టం మా ఆవిడ మాట పట్టుకుంటుందా, నా మాటా అని. పిల్ల నవ్వింది. "ఉద్యోగం కోసం దూరంగా ఉంటే దాన్ని విడిగా ఉండటం అనరు తాతగారూ. ఒకే కప్పు కింద ఉన్నా మొగుడూ పెళ్ళాల్లా లేకపోతే అదే విడిగా ఉండటం. చట్టం కూడా మీ ఆవిడలాగే లెక్కేస్తుంది" అంది. డబ్బిచ్చి పెట్టుకున్న లాయరు కూడా నీ పక్షమే అయితే నేనెవరికి చెప్పుకోను?

ఇట్లు,
కాగితాల మీద ఇంకా నీ మొగుణ్ణే అయిన
డ్రైవరు


ఏమేవ్,

జవాబు రాయలేదు. రాస్తావని నేనూ అనుకోలేదు. ఒక పనికొచ్చే సంగతి తెలిసింది కాబట్టి రాస్తున్నాను, బతిమాలడానికని అనుకునేవు.

పెన్షన్ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. అక్కడి గుమాస్తా, చెవి మీద వెంట్రుకలున్న మనిషి, నా కాగితాలు తిరగేసి, "విడాకులయ్యాక ఆవిడ పేరు కొట్టేస్తాం. మీరు పోయాక ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ రాదు. మిలటరీ ఆస్పత్రిలో చూపించుకోవడానికీ వీలుండదు" అన్నాడు, కూరగాయల బేరం చెప్పినంత తేలిగ్గా. ఆయన వేలు నీ పేరు మీదే ఉంది. వేలు తియ్యమన్నాను. "ఏంటి పెద్దాయనా?" అన్నాడు. "మా ఆవిడ పేరు మీంచి వేలు తియ్యి" అన్నాను. తీశాడు.

అందుకని చెబుతున్నాను. కోర్టులో రెండోసారి సంతకం పెట్టకు. పేరుకే పెళ్ళాంగా ఉండు. నేను అటు రాను, నీ గిన్నెలు ముట్టుకోను. నా తదనంతరం నీకో ఆధారం ఉంటుంది, మోకాళ్ళ నొప్పులకి మందులు దొరుకుతాయి. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ఇక్కడంతా బాగానే ఉంది. నాతో లారీలు నడిపిన గుండోడిదే కదా ఈ షెడ్డు, మర్యాదగానే చూస్తాడు. పైన రేకుల గది. మంచం, పొయ్యి, ఒక మేకు. మేకుకి చొక్కా. గిన్నెలు రెండే కాబట్టి వరస చెడే ప్రశ్న లేదు. పగలు ఇంజన్లు విప్పుతాను. ఇబ్బందల్లా ఒకటే. కింద లారీ సీట్లు కుట్టేవాడొకడున్నాడు, వాడికో పాత మిషను. ఎప్పుడు దారం తెంపడానికి ఆపినా నా చేతిలో పానా ఆగిపోతుంది, గేటు వైపు చూస్తాను. వాడికి అర్థం కాదు. "ఎవరైనా వస్తారా బాబాయ్?" అంటాడు. నోర్మూసుకుని కుట్టమంటాను.

నీకు గుర్తుందో లేదో. సెలవు మీద వచ్చేటప్పుడు, ట్రంకుపెట్టె భుజాన వేసుకుని మన సందు మలుపు తిరిగేసరికి నీ మిషను చప్పుడు వినబడేది. నాలుగు అడుగులు వేసేలోగా టక్కున ఆగేది. కిటికీలోంచి నన్ను చూశావని అర్థం. రైల్లో రెండు రోజులు కూర్చున్న ఒళ్ళు నొప్పులన్నీ ఆ ఆగడంతో పోయేవి. ఇంటికొచ్చేశాక ఒక్కసారి కూడా నా కోసం మిషను ఆగలేదు. ఆగేలా నేనేం చేశానని నువ్వడుగుతావు. అడగకు.

మిషను మళ్ళీ కిటికీ దగ్గర పెట్టించుకున్నావని అమ్మాయి చెప్పింది. మంచిదే. వెలుతురు బాగుంటుంది.

ఇట్లు,
డ్రైవరు


నా మిషను మనిషికి,

నీ జవాబు అమ్మాయి చేత చెప్పించావు. పాపం నర్సు ఉద్యోగం చేసుకునే పిల్ల, మనిద్దరి మధ్య పోస్టుమ్యాను పని కూడా చేస్తోంది. డ్యూటీ నుంచి నేరుగా షెడ్డుకొచ్చి, గ్రీజు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, అచ్చం నీలాగే పెదవి విరిచి చెప్పింది. "నాన్నా, అమ్మ ఏమందంటే, పెన్షన్ కోసం పెళ్ళాంగా ఉండే ఖర్మ నాకు పట్టలేదు, బడి పిల్లలకి యూనిఫారాలు కుట్టి బతికాను, ఇక ముందూ బతుకుతానంది. ఇంకో మాట కూడా అంది. మీ నాన్న అంత పెద్ద ఉత్తరం రాసి, అందులో కూడా ఒక్క ముక్క అడగలేదు చూడు, అంది."

ఆ ఉత్తరంలో ఏం రాశానో గుర్తుచేసుకున్నాను. గుమాస్తా చెవి గురించి రాశాను. నా మేకు గురించి రాశాను. అవును. అడగలేదు.

మొన్న లాయరమ్మ ఆఫీసుకి వెళ్ళాను. బెంచీ మీద నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది, మన అమ్మాయికన్నా చిన్నది. మొగుడు మిలటరీలో ఉన్నాడట, కొండల మీదే, నేను లారీ నడిపిన వైపే. పెళ్ళయి మూడేళ్ళట. విడాకులకు వేసింది. అతను సరిహద్దు డ్యూటీలో ఉన్నాడని ఆఫీసరు కాగితం పంపగానే కేసు వాయిదా పడిందట. అలాంటి డ్యూటీలో ఉన్నవాడు లేకుండా కేసు తేల్చకూడదట, వాడి హక్కు కాపాడాలట. మంచి చట్టమే అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "మీకు మంచిదే తాతగారూ. నాకు మాత్రం కాపరం చెయ్యాలన్నా ఆయన సెలవు కోసమే చూడాలి, వదిలించుకోవాలన్నా ఆయన సెలవు కోసమే చూడాలి" అంది. నవ్వుతూనే అంది. నేను ఎప్పుడూ అడగని మాట ఆ పిల్లని అడిగాను, కిటికీ దగ్గర కూర్చుంటావా అని. "కూర్చునేదాన్ని. ఇప్పుడు కూర్చోను" అంది.

అప్పుడు తెలిసింది నాకు. నేను దారికి అడ్డమని జరిపింది మిషనును కాదు.

ఇక పని మాట. ఆరు నెలల గడువు తీరిపోతోంది. లాయరమ్మ చట్టం చెప్పింది. వచ్చే సోమవారం పదకొండింటికి ఇద్దరం వెళ్ళి ఇంకోసారి ఒప్పుకుంటే తెగిపోతుంది. వెళ్ళకపోతే, ఒక్కరు కాదన్నా సరే, కాగితం అలాగే చచ్చిపోతుంది. నేను కాదంటే నీకు ఆగిపోతుంది, అది నా చేతిలో ఉంది. కానీ నీ మీద అలా గెలవను. నీ చేతిలోనే పెడుతున్నాను. నేను ఇంటికి వచ్చేయడం లేదు. ఇంటికి వచ్చేయడమే నాకు చేతకాలేదు. సెలవు మీద రావడం వచ్చు. కాబట్టి ఈ ఉత్తరాన్ని సెలవు అర్జీగా తీసుకో. ఎన్ని రోజులో నువ్వే రాయి. అయిపోగానే షెడ్డుకి తిరిగొస్తాను, మళ్ళీ అర్జీ పెట్టుకుంటాను. పై ఆఫీసరువి నువ్వే.

సోమవారం పొద్దున మన సందు మలుపుకి వస్తాను. మిషను చప్పుడు ఆగితే సెలవు మంజూరైనట్టు. ఆగకపోతే అటు నుంచి అటే కోర్టుకి వెళ్ళి, నీకు కావలసిన చోట సంతకం పెడతాను. చొక్కా ఇస్త్రీ చేయించాను, రెంటికీ పనికొస్తుంది.

ఇట్లు,
అర్జీదారు


ఏమే,

క్షేమంగా చేరాను. బస్సులో సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన అన్నం మూట గుండోడు సగం లాక్కున్నాడు, తిట్టాను.

ఇంకా సోమవారం సంగతే తలుచుకుంటున్నాను. మలుపు తిరిగాను. మిషను చప్పుడు వినబడింది. నాలుగు అడుగులు వేశాను. ఆగలేదు. ఇంకో నాలుగు వేశాను, నేల చూస్తూ, చెవులు రిక్కించి. ఆగలేదు. చూసే ఉంటుంది, ఆపలేదు, ఇంకేం అనుకుని వెనక్కి తిరిగాను. మాటిచ్చాను కదా. అప్పుడు నీ కేక. "ఏమండోయ్ డ్రైవరు గారూ! ఎక్కడికి?" తలెత్తితే నువ్వు గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నావు. లోపల కిటికీ దగ్గర పక్కింటావిడ మిషను తొక్కుతోంది. "ఆవిడకి పని నేర్పుతున్నాను. పొద్దుట్నుంచీ నేను ఈ గుమ్మంలోనే ఉన్నాను. మిషను వింటారు గానీ మనిషిని చూడరా?" అన్నావు.

నా జన్మలో అంత తిట్టు ఏ ఆఫీసరూ తిట్టలేదు. అంత తియ్యగానూ తిట్టలేదు.

పదకొండున్నరకి లాయరమ్మ నా ఫోనుకి చేసి గొంతు చించుకుంటే, నువ్వు నా చేతిలోంచి లాక్కుని, "మా ఆయన సెలవు మీద వచ్చారమ్మా. సెలవులో ఉన్నవాళ్ళ మీద కేసు నడవదు" అని పెట్టేశావు. అలాంటి చట్టం లేదని ఆ పిల్ల నాకు మళ్ళీ ఫోన్ చేసి చెప్పింది. మా ఇంట్లో ఉందని చెప్పాను.

పది రోజులు మంజూరు చేశావు. పదో రోజు నా పెట్టె నువ్వే సర్దావు. ఈసారి గుమ్మం బయట పెట్టలేదు, బస్సు దాకా మోసుకొచ్చావు. వచ్చే నెల మళ్ళీ అర్జీ పెడతాను. ఇంకేం రాయాలో తోచడం లేదు. ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది. నేను బాగున్నాను.

నువ్వెలా ఉన్నావు?

నీ
డ్రైవరు